బూడిద రంగు బటన్ వెనక ముఠా

"ఈ ఒమన్ దేశంల ఇప్పటిదాంక పట్టువడని నేరస్థులు ఎందుకు పట్టువడలేదో ఎరుకేనా ఇస్రార్ భాయ్?" అంటూ గణపతి మంచం మీద లేచి నిలబడి, నల్ల కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "నాకు డ్యూటీ ఉండవట్టి! లేకుంటే ఈపాటికి ఒక్కడు మిగిలేటోడు కాదు."

అది రెండంతస్తుల మంచంలో పై అంతస్తు. మాట పూర్తికాగానే అతని తల ట్యూబ్‌లైట్‌కు ఠంగుమని తగిలింది. కింద కూర్చుని చొక్కాకు గుండీ కుట్టుకుంటున్న ఇస్రార్ తలైనా ఎత్తలేదు.

"మెల్లగప్పా. దాన్ని పోయిన వారమే మార్చినారు," అన్నాడు.

ఘాలాలోని కంపెనీ క్యాంపులో, పద్నాలుగో నంబరు రూములో వాళ్ళిద్దరూ ఆరేళ్ళుగా పైమంచం కిందిమంచం. ఇస్రార్‌ది కడప, కంపెనీ బస్సు డ్రైవరు. గణపతిది కోరుట్ల పక్క పల్లె, గోదాములో స్టోర్ కీపరు. స్టోర్ కీపరు పని పొట్టకూటి కోసమనీ, తాను పుట్టింది మాత్రం నేరపరిశోధన కోసమనీ గణపతి గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని భరించడానికే దేవుడు తనను పుట్టించాడని ఇస్రార్ అనుమానం.

గణపతి పరిశోధనలు క్యాంపులో అందరికీ తెలుసు. మాయమైన చెప్పుల కేసులో అతను మూడు రోజుల పాటు టేపు పట్టుకుని నలభై మంది పాదాలు కొలిచాడు. నాలుగో రోజు ఆ చెప్పులు అతని కాళ్ళకే దొరికాయి. మామిడికాయ పచ్చడి దొంగతనం కేసులో సీసా పక్కనే రెండు రోజులు కాపలా కూర్చున్నాడు. రుచి మారిందో లేదో గంటకోసారి పరీక్షించాడు. సాక్ష్యం మిగలనందున ఆ కేసు మూసేయవలసి వచ్చింది.

సోమవారం సాయంత్రం, తల మీద లేచిన బొప్పిని గణపతి ఇంకా తడుముకుంటూ ఉండగానే తలుపు తోసుకుని భీమన్న వచ్చాడు. భీమన్న షట్టరింగ్ పని చేస్తాడు. నెమ్మదైన మనిషి. ఎంత బరువు మోసినా అబ్బా అనడు. అలాంటివాడి మొహం ఆవేళ ఇంత చిన్నదైపోయి ఉంది.

"గణపతన్నా, నా లీవ్ పోయేటట్టున్నదే," అన్నాడు.

సంగతేమిటంటే, కంపెనీ పోయిన నెలలో కాగితపు దరఖాస్తులు ఎత్తేసి సెలవుల కోసం ఒక వెబ్ పేజీ పెట్టింది. గళ్ళన్నీ నింపితే కింద 'పంపు' అన్న బటన్ ఆకుపచ్చగా మారుతుంది, దాన్ని నొక్కితే అయిపోయింది. అందరికీ అలాగే మారింది. భీమన్నకు మాత్రం బూడిద రంగులోనే ఉండిపోయింది. మొన్నటి నుంచి నలభై సార్లు నింపాడు. ఫోన్‌లో చూశాడు, పక్క రూమువాళ్ళ ఫోన్‌లో చూశాడు. నొక్కి నొక్కి వేలు నొప్పి పుట్టింది గానీ రంగు మారలేదు. గురువారం మధ్యాహ్నం మూడింటికి పేజీ మూసేస్తారు. ఆ తర్వాత లీవు మాట మళ్ళీ అయిదు నెలలకే.

"అయిదు నెలలే గదా," అన్నాడు గణపతి.

"బిడ్డకు పుట్టెంట్రుకలు తియ్యాలె అన్నా, యేములాడ గుడిల. వచ్చే నెల దాటితే సంధ్యకు నాలుగో ఏడు వడ్తది. సరి ఏడుల తియ్యరాదు గదా? మళ్ళ ఐదో ఏడు దాంక ఆగాలె. పుట్టినప్పటి సంది బిడ్డ నన్ను చూడలే. ఫోన్‌నే నాయిన అంటది. ఫోన్ చార్జింగ్ పెడితే, నాయిన పండుకున్నడు, సప్పుడు చెయ్యకుండ్రి అంటదట."

ఇస్రార్ చేతిలో సూది ఆగిపోయింది. అతనికీ ఇంటి దగ్గర ఇద్దరు కూతుళ్ళున్నారు. "ఆఫీసులో వాణి మేడమ్ ఉంది కదా, ఒక ఫోన్ కొట్టు భీమన్నా," అన్నాడు.

"ఖబర్దార్!" గణపతి పైనుంచి దూకాడు. "బటన్ ఏడికెల్లి వచ్చింది? ఆఫీసుకెల్లి. బూడిద ఎప్పుడొస్తది? ఏదో కాలినంకనే! అంటే ఆఫీసుల ఏదో కాలవెట్టిండ్రు. గిప్పుడు ఆఫీసుకు ఫోన్ చేసుడంటే దొంగ చేతికి తాళాలిచ్చుడే. భీమన్నా, ఈ కేసు నేను తీసుకున్న. గురువారం దాంక నోరు మెదపకు."

పాపం భీమన్న తల ఊపాడు. మునిగేవాడికి గడ్డిపోచ కూడా దొరకకపోతే గణపతి దొరుకుతాడని ఇస్రార్ మనసులో అనుకున్నాడు.

గణపతికి రువీ బజారులో కొన్న సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ ఒకటుంది. జావాస్క్రిప్ట్ నేర్చుకుని స్టోర్ నుంచి సాఫ్ట్‌వేర్‌కు మారదామని అతను ఆరు వీడియోలు చూశాడు. అందులో మొదటిదే మూడుసార్లు. ఆ విద్య ఇన్నాళ్ళకు పనికొచ్చింది. సెలవు పేజీ తెరిచి, ఎక్కడో కుడివైపు నొక్కి, పేజీ వెనకున్న కోడ్‌ను బయటికి లాగాడు.

ముగ్గురూ నోళ్ళు తెరిచారు. తెర నిండా ఒకే ఒక్క లైను. మొదలూ చివరా కనబడదు. అక్షరానికీ అక్షరానికీ మధ్య చీమ దూరే సందు లేదు.

"సాయంత్రం ఆరింటికి నా బస్సు ఇట్లే ఉంటాది," అన్నాడు ఇస్రార్.

"చూసినవా భాయ్! సందు లేకుంట రాసిండ్రు. ఎందుకు? ఎవ్వనికి చదవరావద్దని! నిజాయితీ ఉన్నోడు మాట మాటకు సందిడిచి రాస్తడు." గణపతి స్టోర్ నుంచి తెచ్చిన భూతద్దాన్ని తెరకు ఆనించి జరుపుకుంటూ పోయాడు. అరగంట తర్వాత ఒకచోట ఆగి, "దొరికింది! బటన్ మెడకు ఉరి గిక్కడ బిగిచ్చిండ్రు," అని అరిచాడు.

అక్కడ ఇలా ఉంది:

b.disabled=!(a&&s&&d&&(p||!v))

"ఈ గుర్తులేందన్నా?" అన్నాడు భీమన్న భయంగా.

గణపతి తన నోట్సు తీశాడు. "వీడియోల చెప్పిన ప్రకారం, ఈ జంట ముడి ఉన్నదే, దాని అర్థం గిదీ ఉండాలె, గదీ ఉండాలె. ఈ రెండు నిలువు గీతలకు గిదన్న, గదన్న, ఏదో ఒకటి. ఈ కర్ర కింద చుక్క ఉంటే, కాదు అని."

ఇస్రార్ తెర మీదికి వంగాడు. ఇరవై ఏళ్ళుగా బస్సు నడిపినవాడు, గేట్ల దగ్గర ఎన్ని నిబంధనలు చూశాడని! "ఇది మన సైటు గేటు మాదిరే కదప్పా. కార్డూ ఉండాల, హెల్మెటూ ఉండాల, బూట్లూ ఉండాల. మూడిట్లో ఒకటి లేకపోయినా వాచ్‌మన్ లోపలికి ఇడ్సడు. అది నీ జంట ముడి. పాసన్నా ఉండాల, లేదంటే కొత్తోడు కాకుండా ఉండాల. అది నీ నిలువు గీతలు. అన్నీ సరిగ్గా ఉంటే బటన్ తెరుసుకుంటాది. అంటే భీమన్న కాడ ఏదో ఒకటి లేదు. ఏం భీమన్నా, గళ్ళన్నీ నింపినావా?"

"అన్ని నింపిన భాయ్. పాస్‌పోర్ట్‌ల ఎట్లున్నదో అట్లనే. ఒక్క అక్షరం ఎక్కువ లేదు, తక్కువ లేదు."

"ఎర్ర చుక్క పెట్టిన గళ్ళు?"

"అన్నీ."

గణపతి జాలిగా నవ్వాడు. "గిది చిన్నపోరగాండ్లకు చెప్పే అర్థం భాయ్. ఇంత అల్కగ ఉంటే డిటెక్టివ్‌లు ఎందుకు? లోపలి అర్థం నేను చెప్త ఇను. ఏ, ఎస్, డీ, పీ, వీ. అయిదుగురి ముఠా! జంట ముళ్ళు, వాళ్ళు చేతులు కట్టుకున్న తాళ్ళు. వీ ముందల కర్ర, కింద చుక్క, అది నెత్తురు కారుతున్న కత్తి. వీ అంటే వాణి మేడమ్. పాపం ఆమె ప్రాణానికే ముప్పున్నది. ఇగ అసలోడు, రెండు దిక్కుల తాళ్ళు పట్టుకుని నడుమ నిలవడ్డోడు..." అతను గొంతు తగ్గించాడు. "ఎస్! ఈ క్యాంపుల ఎస్ ఎవడు?"

క్యాంపు మెస్‌లో వంట చేసే సుఫియాన్ పేరు ఎవరూ పలకకముందే గాలిలో తేలింది.

"సుఫియాన్‌కు ఇంగ్లీషు అక్షరాలే రావు కదా సామీ!" అన్నాడు ఇస్రార్.

"రానట్టు నటిస్తున్నడు. ఆరేండ్ల సంది. ఎంత గుండె ధైర్యం!"

మంగళవారం పొద్దుటి నుంచే నిఘా మొదలైంది. గణపతి స్టోర్‌కు సిక్ లీవ్ పెట్టి మెస్ వెనక ఉల్లిపాయ బస్తాల చాటున దాక్కున్నాడు. గంట తర్వాత కళ్ళ వెంట ధారలు కారుతూ బయటికొచ్చిన అతన్ని చూసి సుఫియాన్ కంగారుపడ్డాడు. హైదరాబాద్ పాతబస్తీ మనిషి, మనసు వెన్న. "అరే గణపతి భాయ్, ఏమైంది? ఇంటికాడ అంతా ఖైరియత్ కదా?" అని కూర్చోబెట్టి, మనసు మళ్ళుతుందని ముందో బుట్ట పెట్టాడు. నేరస్థుడికి అనుమానం రాకూడదు కనుక గణపతి నోరుమూసుకుని నాలుగు కిలోల ఉల్లిపాయలు ఒలిచాడు.

బుధవారం వేలిముద్రలు. గరిటెల మీద శనగపిండి చల్లి ముద్రలు తీశాడు. అవన్నీ ఒకరివేనని భూతద్దంలో తేలింది. ఆ ఒకరు తనేనని రాత్రి భోజనాలప్పుడు తెలిసింది. పప్పు కుదిరిందో లేదో చూడటానికి పొద్దుటి నుంచీ ప్రతి గరిటే ముట్టుకున్నది తనే మరి.

ఈ లోపల భీమన్న సగమైపోయాడు. అన్నం సయించడం లేదు. రోజూ వీడియో కాల్‌లో పాప కళ్ళ మీదికి జారుతున్న జుట్టును పైకి తోసుకుంటూ, "నాయినా, ఎప్పుడొస్తవ్?" అని అడుగుతోంది. బుధవారం ఆ ప్రశ్నకు అతను సిగ్నల్ లేనట్టు నటించి ఫోన్ పెట్టేశాడు. అది చూసిన ఇస్రార్‌కు ఇక చాలనిపించింది. రేపు ఏదైతే అదైంది, తానే ఆఫీసుకు ఫోన్ చేయాలనుకున్నాడు. కానీ గురువారం పొద్దున బస్సును దూరాన ఉన్న సహం ఊరికి తోలాల్సి వచ్చి, స్టీరింగ్ వదిలే వీల్లేక, తిరిగి క్యాంపు చేరేసరికి రెండున్నర దాటింది.

ఎండల వేళ పని ఆపే గంటలవి. మెస్‌లో సుఫియాన్ రాత్రి రొట్టెలకు పిండి కలిపి, ముంతంత ముద్దలు చేసి పళ్ళెంలో గోపురంలా పేరుస్తున్నాడు. అదే బల్ల మీద గణపతి లాప్‌టాప్ తెరిచి ఉంది. దాని ముందు భీమన్న పాస్‌పోర్ట్ విప్పి పెట్టుకుని, ఆఖరిసారిగా ఒక్కో గడిలో కర్సర్ గీత పెడుతూ, పాస్‌పోర్ట్‌తో పోల్చి చూసుకుంటున్నాడు. పేరు చూశాడు. దాని పక్కనున్న గడిలోకి వెళ్ళాడు. గోడ మీద గడియారం మూడుకు ఏడు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

ఇస్రార్ జేబులోంచి ఫోన్ తీశాడు. "ఇంక నీ మాట ఇనేది లేదు గణపతీ. నేను వాణి మేడమ్‌కి..."

"ఆగు!" గణపతి బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు. మెస్‌లో కూడా నల్ల కళ్ళద్దాలే. "ఎవ్వరు కదలకుండ్రి! నాలుగు రోజుల సంది ఈ క్యాంపును చీకట్ల ముంచిన మిస్టరీకి గిప్పుడు తెరపడ్తది. మిస్టర్ సుఫియాన్! ఆట ఖతం."

"ఏం ఆట భాయ్? నేను రోటీలకు పిండి..."

"భీమన్న లీవ్ ఆపింది నువ్వు! ఎందుకు? ఈ క్యాంపుల నీ పప్పు మెచ్చుకునేటోడు, ఇంకొంచెం వెయ్యి అని అడిగేటోడు భీమన్న ఒక్కడే! వాడు పోతే నీ పప్పుకు దిక్కు లేదు. అవునా, కాదా?"

సుఫియాన్ మొహం మాడిపోయింది. "అది నిజమే భాయ్. భీమన్న పోతే దిల్ ఖరాబ్ అయితది. మీరంతా ఊర్కె నీళ్ళ పప్పు నీళ్ళ పప్పు అంటరు," అన్నాడు నిజాయితీగా.

"ఒప్పుకున్నడు! ఇన్నరా, ఒప్పుకున్నడు!" అంటూ గణపతి విజయగర్వంతో బల్ల మీద ఒక్క చరుపు చరిచాడు.

పళ్ళెం ఎగిరింది. పైనున్న పిండిముద్ద దొర్లుకుంటూ వచ్చి, లాప్‌టాప్ మీద పడి, కింది వరుసలోని పొడుగాటి మీట మీద మెత్తగా కూర్చుంది.

"నేరస్థుడు ఎంత తెలివిగల్లోడైనా, ఏదో ఒక ఆధారం ఇడిచే పోతడు," గణపతి కళ్ళు మూసుకుని ఉపన్యాసం సాగిస్తున్నాడు. "ఈ కేసుల ఆధారం ఒక్క అక్షరం..."

ఇస్రార్ చూపు తెర మీద పడింది. బటన్ ఆకుపచ్చగా మెరుస్తోంది.

"భీమన్నా! నొక్కు!"

"ఏంది భాయ్?"

"నొక్కప్పా, బటన్! పచ్చగైంది! పిండి తీయొద్దు, అట్లే నొక్కు!"

భీమన్న నొక్కాడు. తెర ఒకసారి మిణుక్కుమని, 'మీ దరఖాస్తు అందింది' అన్నది. మూడుకు మూడు నిమిషాలు తక్కువ. గణపతి ఇంకా, "...ఆ అక్షరం ఎస్!" అని ముగించి కళ్ళు తెరిచేసరికి భీమన్నా, సుఫియానూ ఒకరినొకరు వాటేసుకుని ఏడుస్తున్నారు.

"పశ్చాత్తాపం," అన్నాడు గణపతి సంతృప్తిగా.

ఇస్రార్ అప్పటికే ఆఫీసుకు ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాడు. వాణి మేడమ్‌ది రాజమండ్రి. గొంతు ఎప్పుడూ నవ్వుతున్నట్టే ఉంటుంది.

"వచ్చిందండీ భీమన్న గారూ. ఆఖరి నిమిషంలో పంపారే! తేదీలు కూడా ఖాళీగానే ఉన్నాయి, మీ లీవు ఖాయమనుకోండి. అవునూ, ఇంటిపేరు గడిలో ఊరికే ఖాళీలు కొట్టారేంటండీ? వరసగా ముప్పై దాకా ఉన్నాయి."

నలుగురూ పిండిముద్ద వైపు చూశారు.

"నాకు పాస్‌పోర్ట్‌ల ఇంటిపేరు గడి ఖాళీనే మేడమ్. ఆరెల్లి భీమన్న అని మొత్తం మొదటి గడిలనే వడ్డది. పాస్‌పోర్ట్‌ల లేనిది యాడ రాసినా ఎయిర్‌పోర్ట్‌కెల్లే వాపస్ పంపుతరని ఏజెంట్ చెప్పిండు. పదకొండేండ్ల సంది నేను ఆ గడి ఎక్కడున్నా ముట్టుకోలే," అన్నాడు భీమన్న.

"అయ్యో! అదే మరి. దానికి ఎర్ర చుక్క పెట్టలేదు గానీ, కోడ్‌లో మాత్రం పేరూ ఉండాలి, ఇంటిపేరూ ఉండాలి, తేదీలూ ఉండాలి అని కట్టేశారన్నమాట. ఒక్క గడిలో ఏమీ లేకపోయినా మొత్తం లేనట్టే. మీరు ఖాళీ కొట్టారు చూడండి, మనకది కనబడదు గానీ దాని లెక్కలో అదీ ఒక అక్షరమే. ఏదో ఉందిలే అనుకుని వదిలేసింది. రుస్తాఖ్ సైటులోనూ ఇద్దరికి ఇలాగే అయిందండీ. రేపే బాగు చేయిస్తాను."

"మరి ఆ కోడ్ సందు లేకుంట ఎందుకు రాసిండ్రు మేడమ్? ఏం దాచిపెట్టనీకి?" అని గణపతి మధ్యలో దూరాడు.

"దాచడానికేం కాదండీ, పేజీ త్వరగా తెరుచుకోవడానికి. రాసేటప్పుడు విడివిడిగానే రాస్తారు. తర్వాత మిషనే ఖాళీలన్నీ పిండేసి, పేర్లన్నీ ఒక్కో అక్షరానికి కుదిస్తుంది. అందులో ఎస్ అంటే సర్‌నేమ్, ఇంటిపేరు. అంతేనండీ. అయినా భీమన్న గారూ, సోమవారమే నాకు ఒక్క ఫోన్ చేసుంటే రెండు నిమిషాల్లో నేనే పెట్టేసేదాన్ని కదా! ఎందుకు చేయలేదండీ?"

ఫోన్ పెట్టేశాక ముగ్గురూ మెల్లగా గణపతి వైపు తిరిగారు. సుఫియాన్ చేతిలో అప్పడాల కర్ర ఉంది.

గణపతి రెండడుగులు వెనక్కి వేశాడు. అంతలో ఏదో వెలిగినట్టు ఛాతీ పొంగించాడు. "నేరస్థుడు ఎస్ అని సోమవారమే చెప్పిన్నా, లేదా? చెప్పిన్నా, లేదా? భాయ్, నువ్వు సాక్షి!"

ఇస్రార్‌కు కోపం రావాలి. నాలుగు రోజుల భీమన్న మొహం గుర్తొచ్చి నిజంగానే వచ్చింది కూడా. కానీ ఎదురుగా భీమన్న పిండి అంటిన చేతులతోనే పాపకు ఫోన్ కలుపుతూ, "వస్తున్న బిడ్డా, వస్తున్న," అంటుంటే ఆ కోపం ఎటో పోయింది. ఖాళీలన్నీ పిండేసిన కోడ్‌కు చివరికి కావలసింది గుప్పెడు ఖాళీ. ఈ మాట గణపతికి చెబితే అదీ తన ఖాతాలో వేసుకుంటాడని మనసులోనే దాచుకున్నాడు.

మరుసటి నెల ఒక శుక్రవారం పొద్దున పద్నాలుగో నంబరు రూములో ఫోన్ మోగింది. వేములవాడ నుంచి భీమన్న వీడియో కాల్. తెరలో మొదట గుండు కనబడింది. నున్నగా, గంధం పూసి, నిమ్మపండులా ఉంది. దాని కింద రెండు పెద్ద కళ్ళు. పాప తండ్రి చంకలో కూర్చుని, ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని వీళ్ళనే చూస్తోంది.

"నాయిన ఏడున్నడు బిడ్డా?" అని అడిగాడు ఇస్రార్.

ఆ అమ్మాయి అలవాటుగా ఫోన్‌లోకి చూసింది. తర్వాత తల ఎత్తి, తనను ఎత్తుకున్న మనిషి మొహాన్ని చూసింది. అరచేత్తో ఆ గడ్డాన్ని ఒకసారి తడిమింది. "నాయిన గీడున్నడు," అని వీళ్ళకు చెప్పి, ఇక ఫోన్‌తో తనకు పనిలేదన్నట్టు దాన్ని కింద పడేసింది. తెరలో కాసేపు ఆకాశం, ఎవరివో కాళ్ళు కనబడ్డాయి. భీమన్న నవ్వు మాత్రం వినబడుతూనే ఉంది.

ఇస్రార్ పైకి చూశాడు. గణపతి నల్ల కళ్ళద్దాలు తీసి తువ్వాలుతో మొహం గట్టిగా రుద్దుకుంటున్నాడు.

"ఏమైందప్పా?"

"ఏం లేదు. కంట్ల ఆధారం వడ్డది."

"రెండు కండ్లల్లోనా?"

"రెండు ఆధారాలు, భాయ్," అన్నాడు డిటెక్టివ్ గణపతి.